తడి బొగ్గు తూకం

నాన్న కడుపులో ఉన్నది పుండు అని మా ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో నిర్ణయమైంది. నాన్న ముందు గదిలో నిద్రపోతున్నాడు. నిర్ణయించినవాళ్ళం ముగ్గురం: అమ్మ, నేను, ఎలమంచిలిలో కిరాణా కొట్టున్న మా బావ.

"కేన్సరని సెప్పేవనుకో, మనిషి రేపే మంచమెక్కీత్తాడు," అన్నాడు బావ. "మా వీధిలో ఒకాయనకి అలాగే సెప్పీసేరు. ఆయన ఆ మాటతోటే పోయాడు బావా, రోగంతోటి కాదు. అల్సరని సెప్పండి. అల్సరంటే ఎవుడికి లేదు? నాకూ ఉంది."

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపకుండా, "పుండే అనుకుందాం," అంది. చెబుదాం అనలేదు. అనుకుందాం అంది.

ఇందులో వింతేమీ లేదు. మల్కాపురంలో మా వరసలో ఏ ఇంట్లోనూ ఇలాంటి జబ్బు పేరు రోగికి చెప్పగా నేను చూడలేదు. పక్కింటికి చెబుతారు, ఆఫీసులో చెబుతారు, మనిషికి మాత్రం చెప్పరు. మేం ఇంకొక అడుగు ముందుకేసి ఎవరికీ చెప్పలేదు. తొంభైల చివర్లో సంగతి ఇది. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో డిప్లొమా చేసి స్టీల్‌ప్లాంటులో చేరి ఎంతోకాలం కాలేదు. లారీలనూ వ్యాగన్లనూ తూచే వేబ్రిడ్జిలు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా పని. నాన్న పోర్టులో బొగ్గు దించే బెర్తు దగ్గర మేస్త్రీ. గోదావరి జిల్లా నుంచి పెళ్ళికి ముందే వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు.

తర్వాతి వారం డాక్టరు గారి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. ఎంతకాలం అని అడిగితే చెప్పరని ముందే అనుకున్నాను. అందుకని, "ఎంతకాలం అన్నది వేటి మీద ఆధారపడుతుందండీ?" అని అడిగాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, కూర్చోమంది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాకు గుర్తుంది. జబ్బు కడుపు దాటి ఎంత దూరం వెళ్ళింది. కాలేయాన్ని పట్టుకుందా. పొట్టలో నీరు చేరిందా. రక్తం ఎంత ఉంది. మనిషి తన పనులు తను చేసుకుంటున్నాడా, రోజులో ఎక్కువ భాగం మంచం మీదే ఉంటున్నాడా. బరువు ఎంత తగ్గాడు, ఇంకా తగ్గుతున్నాడా. నేను వెంటనే వాటిని విడదీయడం మొదలుపెట్టాను. మిషన్ ముందు నిలబడ్డప్పుడు ఏ స్క్రూకి సీలు ఉంది, ఏది మనం తిప్పొచ్చు అని చూస్తాం కదా, అలాగ. జబ్బు దాటేసింది, సీలు. కాలేయం మీద మచ్చలు స్కానులో కనపడ్డాయి, సీలు. అప్పటికి పొట్టలో నీరు లేదు. నాన్న తన లుంగీ తనే ఉతుక్కుంటున్నాడు. మా చెయ్యి తగిలేది ఒక్కటే మిగిలింది.

"బరువు," అంది ఆవిడ కూడా. "ఇప్పుడున్నది నిలబెట్టండి. ఇదే జోరున దిగితే ఇంజక్షన్లు తట్టుకోలేరు, నేను మొదలుపెట్టను. దసరా అయ్యాక తీసుకురండి, తూచి చెబుతాను."

"ఏం పెట్టమంటారు?"

"ఆయనకేది ఇష్టమైతే అది. చేప, గుడ్డు, మాంసం. దారి ఇంకా మూసుకుపోలేదు, కొంచెం కొంచెంగా పడుతుంది. పథ్యం ఏమీ లేదు."

పథ్యం ఏమీ లేదన్న ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. నాన్న నేల మీద బాసింపట్టు వేసుకుని ఉప్పు లేని మజ్జిగన్నం తింటున్నాడు. పుండు కదా మరి.

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. పోర్టులో బోర్డు మీద ఏం రాసుంటే అది చేసే మనిషి. క్రేన్ బకెట్ తిరుగుతున్నప్పుడు దాని కింద నుంచి అడ్డంగా నడిచి వెళ్ళేవాళ్ళు ఎందరో ఉండేవారు. నాన్న మటుకు ఎంత ఎండైనా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. అలాంటి మనిషికి పుండని చెప్పాం. ఆయన వెంటనే పుండుకి ఉండాల్సిన నియమాలన్నీ పోగుచేశాడు. పక్కింటాయన కారం వద్దన్నాడు. బెర్తులో తోటి మేస్త్రీ పులుపు, వేపుళ్ళు వద్దన్నాడు. ఎదురింటావిడ చేప వేడి అంది. బావ ఫోన్ చేసినప్పుడల్లా, ఉన్న అబద్ధానికే ఇంకో మేకు కొట్టేవాడు: "మావయ్యా, చల్లటి పాలు, సగ్గుబియ్యం జావ. అదే నన్ను బతికించింది." ఆవకాయ లేకుండా ముద్ద ఎత్తని గోదావరి మనిషి, జాడీ వంక చూడటం మానేశాడు.

నేను మొదట నేరుగానే ప్రయత్నించాను. "నాన్నా, డాక్టరు చేపలు తినమంది."

"పుండు మీద చింతపండు పులుసు పొయ్యమందా? ఆవిడ చదువుకున్న మనిషేనంట్రా?"

ఇంకో వారం పోయాక, పుండు మానుతోందట, ఇక అన్నీ తినొచ్చట అన్నాను. నాన్న సంతోషించాడు. "మానుతోందంటే పథ్యం పనిచేస్తోందన్నమాట. ఇప్పుడా మానేది?" అని ఇంకో గ్లాసు బార్లీ నీళ్ళు అడిగాడు. అమ్మ జావలో గుడ్డు కలిపి చూసింది. నాన్న గ్లాసు మూతి దగ్గరే వాసన పట్టి, ఏమీ అనకుండా దూరంగా జరిపాడు.

పూర్ణా మార్కెట్లో ఒక తూకం మిషన్ కొన్నాను, మనిషి ఎక్కి నిలబడేది. దాన్ని ప్లాంటుకి పట్టుకెళ్ళి మా టెస్ట్ వెయిట్లు పెట్టి చూస్తే కొంచెం ఎక్కువ చూపిస్తోంది. ఎంత ఎక్కువో చిన్న కాగితం మీద రాసి దానికి అంటించాను. ప్రతి ఆదివారం పొద్దున్న నాన్న దాని మీద నిలబడేవాడు. నేను ఎక్కువైనంత తీసేసి చెప్పేవాడిని. ప్రతి ఆదివారం ముల్లు ఇంకొంచెం ఎడమకి ఉండేది.

నాన్నకి ఒక స్నేహితుడున్నాడు, పూర్ణా మార్కెట్ వెనక సందులో టైలరు. పెళ్ళిళ్ళు కాకముందు ఇద్దరూ పాతవూళ్ళో ఒకే గదిలో అద్దెకున్నారట. అప్పట్నుంచీ ఒకరికొకరు బావ. ఆ లెక్కన నేను ఆయనకి అల్లుణ్ణి. ఒకరోజు ఆయన క్యారేజీ పట్టుకుని వచ్చాడు.

"బావా, మేక కాళ్ళ షోర్వా. మీ సెల్లి పొద్దుట్నించి ఉడకెట్టింది. ఇది తాగితే ముసిలోళ్ళు గోడ దూకుతారు."

"పుండుకి పడదు బావా."

"పుండుకి పడకపోతే పోనీ, నీకు పడద్ది గదా! దానికోసం తెచ్చేనా నాను? నీకోసం తెచ్చేను."

నాన్న నవ్వాడు కానీ మూత తియ్యలేదు. టైలరు మామయ్య క్యారేజీ తిరిగి పట్టుకుని బయటికొచ్చి, సైకిలు దగ్గర నా భుజం మీద చెయ్యేశాడు. "అల్లుడూ, ఏటీ పుండు? మనిషి సగమైపోయాడు. అన్ని పేంట్లూ కుట్లు ఇప్పి సన్నం సేత్తన్నాను, ఇంక గుడ్డలో సన్నం సెయ్యడానికి జాగా లేదు. నిజంగా పుండేనా?"

"పుండే మామయ్యా," అన్నాను. సైకిలు స్టాండు తీసి పట్టుకున్నాను.

ఆ రోజుల్లో నా పరిస్థితి ఇది. ఆయన ఆయుష్షు విషయంలో మా చేతిలో ఉన్నది ఒకే ఒక్కటి, తిండి. ఆ తిండికి అడ్డం పడుతున్నది జబ్బు కాదు, జబ్బుకి మేం పెట్టిన పేరు. పేరు మారిస్తే మనిషి కూలిపోతాడని ఇంట్లో అందరి నమ్మకం. మార్చకపోతే తూకం ప్రకారం ఎలాగూ కూలిపోతున్నాడు. ప్లాంటు బస్సులో కూర్చుని ఎటు నుంచి మొదలుపెట్టినా అక్కడికే వచ్చి ఆగేవాణ్ణి.

ఒక పొద్దున్న నాన్న, "ఇంట్లో ఊపిరాడట్లేదురా, రేవుకి తీసుకెళ్ళు," అన్నాడు. స్కూటర్ మీద చేపల రేవుకి వెళ్ళాం. పడవలు అప్పుడే ఒడ్డు పట్టాయి. నాన్న గట్టు మీద కూర్చుని బుట్టల్లోకి చూస్తున్నాడు. కోనాం, చందువా, మెరుస్తున్న నెత్తళ్ళు. పక్కన చేపలమ్ముతున్నావిడ కొంతసేపు ఊరుకుంది.

"ఏటి బాబూ, అలా సూత్తన్నావు? కొంటావా, లేపోతే దిష్టెడతావా?"

"తినకూడదమ్మా. పుండు."

"సేపకేటి పుండు తెలుత్తదా, పులుపు తెలుత్తదా! పోన్లే, సూడు. సూసినందుకు డబ్బులడగను."

నాన్న ఆవిడతో పాటు నవ్వి, మళ్ళీ బుట్టలోకే చూశాడు. నేను ముందుగా ఏమీ అనుకోలేదు.

"అది పుండు కాదు నాన్నా," అన్నాను.

"మరేంటి?"

చెప్పాను. ఆ మాట చెప్పాను, ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్పాను, డాక్టరు తినమన్నదని చెప్పాను. నాన్న పనిలో అడిగినట్టే వరసగా అడిగాడు.

"ఆపరేషన్?"

"కుదరదన్నారు."

"ఇంజక్షన్లు?"

"బరువు నిలబడితే దసరా తర్వాత మొదలుపెడతారు."

"నిలబడకపోతే?"

ఒక పడవలోకి ఐసు పొడి కొట్టి పోస్తున్నారు. ఆ చప్పుడు ఆగింది. నాన్న ఒక్కసారిగా గొంతు పెంచాడు.

"అయితే ఇన్నాళ్ళూ ఆ చప్పిడి కూడు నా చేత ఎందుకు తినిపించార్రా?"

చేపలావిడ తిరిగి చూసింది. నాన్నకి నిజంగానే కోపమొచ్చింది, అదీ తిండి గురించే. కాలేయం గురించి కాదు, దాచినందుకు కూడా కాదు. సగ్గుబియ్యం జావ తాగిన పూటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని తిట్టాడు. మా బావని ఆయన ఊరి పేరుతో కలిపి తిట్టాడు. ఆయాసం వచ్చి ఆగాక రెండు మాటలు చెప్పాడు.

"ఒకటి. నాకు తెలిసిందని మీ అమ్మకి తెలియకూడదు. నాకు తెలీదన్న ధైర్యం మీద నడుస్తోంది అది. రెండు. ఇకమీద నీకేది తెలిసినా ముందు నాకు చెప్పు. అటూ ఇటూ తిప్పకుండా."

రేవు పక్కన రేకుల షెడ్డులో ఒక హోటల్ ఉంది. కోనాం పులుసు, అన్నం తెప్పించాను. నాన్న నాలుగు ముద్దలు తిని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నొప్పి అనుకుని కంగారుపడ్డాను. "ఉండరా," అన్నాడు.

అప్పట్నుంచి నా షిఫ్టు కుదిరిన ప్రతి పొద్దున్నా గాలి కోసం అని చెప్పి రేవుకి వెళ్ళేవాళ్ళం. హోటల్ యజమాని, "మేస్త్రీగారు డ్యూటీ ఎక్కేరు, పులుసెట్టండ్రా," అని కేకేసేవాడు. నాన్న కొంచెం తిని, కొంచెం ఆగి, మళ్ళీ తినేవాడు. తర్వాత సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడిగి, సోంపు నమిలి, కాలేజీ కుర్రాడు సిగరెట్టు వాసన చూసుకున్నట్టు వేళ్ళు వాసన చూసుకునేవాడు. మధ్యాహ్నం ఇంట్లో అమ్మ పెట్టిన మజ్జిగన్నం కూడా తినాల్సిందే, లేకపోతే అనుమానం వస్తుంది. అలా రెండు పూటల తిండి వెళ్ళింది లోపలికి. తూకం దిగడం ఆగింది.

కానీ నాకు ఊపిరాడటం మాత్రం మొదలవలేదు. ఇదివరకు ఒక్క అబద్ధం ఉండేది, దాన్ని మోయడానికి ముగ్గురం ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే. అమ్మ దగ్గరా బావ దగ్గరా, నాన్నకి తెలీదు. నాన్న దగ్గర, అమ్మకి తెలీదు. టైలరు మామయ్యకి ఇంకా పుండే. అమ్మ వంటింట్లోకి పిలిచి, "పాపం, ఏమీ తెలీకుండా ఎంత సంతోషంగా ఉన్నారో చూడు," అనేది. నాన్న స్కూటర్ మీద, "చూశావా, దానికేం తెలీదు, నిశ్చింతగా ఉంది," అనేవాడు. ఇద్దరికీ ఊఁ కొట్టేవాణ్ణి. అన్నం తినేటప్పుడు ఎవరి వైపు చూడాలో తెలిసేది కాదు.

దసరా దగ్గరపడుతుండగా వానలు పట్టుకున్నాయి. ఒక ఆదివారం ముల్లు కుడికి జరిగింది. మరుసటి ఆదివారం ఇంకా జరిగింది. నేను మిషన్‌ని అనుమానించి, తెలిసిన బరువులు పెట్టి మళ్ళీ చూశాను. మిషన్ తప్పులేదు. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

టైలరు మామయ్య పండక్కి కొత్త పేంటు కుడతానని కొలతకి వచ్చాడు. నాన్న నడుం చుట్టూ టేపు వేసి కేక పెట్టాడు.

"అరె! నడుం పెరిగింది బావా! సెల్లెమ్మా, ఇటు రా, టేపు సూడు. నా టేపు అబద్ధమాడదు."

"సగ్గుబియ్యం మహిమ," అంది అమ్మ నవ్వుతూ. చాలాకాలానికి నవ్వింది. నాన్న అమ్మ భుజం మీదుగా నా వైపు చూసి కన్ను కొట్టాడు, పులుసు మహిమ అన్నట్టు. నేనూ నవ్వబోయాను. టేపు పట్టుకున్న మామయ్యకి అడ్డం రాకుండా నాన్న చెయ్యి పైకెత్తి ఉన్నాడు. వాచీ మణికట్టు దగ్గర లేదు. జారి జారి మోచేతి దాకా వెళ్ళి ఆగింది. నడుం పెరిగిన మనిషికి చెయ్యి ఎందుకు పెరగలేదు?

వానాకాలంలో పోర్టు నుంచి మా ప్లాంటుకి వచ్చే బొగ్గు వ్యాగన్లు ఎప్పుడూ ఎక్కువ తూగుతాయి. ఆ తూకం చూసి ఎవరూ సంతోషించరు. ల్యాబు వాళ్ళు తేమ ఎంతో తేల్చాక, అంత తీసేసి మిగిలిందే బొగ్గు అంటారు. నేను మిషన్ తప్పు తీసేశాను, తేమ తియ్యలేదు. డాక్టరు చెప్పిన వాటిలో పొట్టలో నీరు కూడా ఉందన్నది నేనెప్పుడూ మరిచిపోలేదు. తూకం పెరిగిన ఆ రెండు ఆదివారాలూ మాత్రం దాని జోలికి వెళ్ళలేదు.

అమ్మ టీ పెట్టింది. మామయ్య రెండు కప్పులు తాగి పాట పాడుకుంటూ వెళ్ళాడు. నాన్న వరండాలో కూర్చున్నాడు. తీగ మీద ఆరేసిన చొక్కాలు పోర్టు నుంచి వచ్చే ఇనపరాయి దుమ్ముతో ఎప్పటిలాగే ఎర్రబడుతున్నాయి. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ముందు నాకు చెప్పు అన్నాడు కదా.

"నాన్నా, పెరిగింది తిండి కాదనుకుంటాను. నీరు."

ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, అటూ ఇటూ నొక్కి చూసుకున్నాడు.

"తడి బొగ్గా," అన్నాడు.

"అలాంటిదే."

"నీళ్ళు తీసేస్తే తూకం ఎంతుంటుంది?"

"తీస్తేగానీ తెలీదు. మొదట ఉన్నదానికన్నా తక్కువే ఉంటుంది."

వంటింటి వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ మిషన్ ఎక్కించి ముల్లు చూస్తుంది, అంతే కదా? చూసి ఇంజక్షన్ మొదలెట్టెయ్యొచ్చు కదా? వానల్లో ఎన్ని తడి వ్యాగన్లు పంపలేదూ మేము," అన్నాడు.

నవ్వుతున్నాడో అడుగుతున్నాడో తెలియలేదు. రెండూ అనుకుంటాను. నాకూ ఆశ పుట్టింది, అది దాచను. తూకం చూపించి, లోపల ఏముందో మాట్లాడకుండా ఉంటే? కానీ తట్టుకోలేని ఒంట్లోకి ఆ మందు వెళితే ఏమవుతుందో ఆవిడ నాకు చెప్పింది. "పొట్ట తట్టి చూస్తుంది నాన్నా. చూడకపోయినా మనం చెప్పాలి," అన్నాను. ఆయన తలూపి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. కింది గుండీ పట్టలేదు.

డాక్టరు తట్టే చూసింది. నీరు సూదితో తీశారు. నాన్నని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, మళ్ళీ మిషన్ ఎక్కించారు. అమ్మ బయట బెంచీ మీద ఉంది. ముల్లు ఎక్కడ ఆగిందో నాన్న కూడా చూశాడు. ఇంజక్షన్లు ఇప్పుడు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయని ఆవిడ మెల్లగా చెప్పింది. నన్ను చూసి కాదు, నాన్ననే చూసి చెప్పింది.

నాన్న స్టూలు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటుంటే నేను ఆవిడని అడిగాను: ఒకే స్కాను, ఒకే రక్తం, ఒకే బరువు ఉన్న ఇద్దరు ఒకేకాలం ఉంటారా అని. "ఉండరు. ఎందుకుండరో నాకు తెలీదు," అంది. "తింటానంటే మాత్రం ఆపకండి."

ఎండలు ముదిరేదాకా ఉన్నాడు నాన్న. తను అనుకున్నదానికన్నా అది ఎక్కువే అని ఆవిడ తర్వాత చెప్పింది. ఏ కారణం ఎంత పనిచేసిందో ఇప్పటికీ విడదీయలేను.

నీరు తీసిన ఆ రోజు ఆసుపత్రి నుంచి ఆటోలో తిరిగి వస్తుంటే నాన్న రేవు వైపు తిప్పమన్నాడు. అమ్మ ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆటో దిగి, నా చెయ్యి పట్టుకుని గట్టు దాకా నడిచాడు. చేపలావిడ గుర్తుపట్టింది.

"ఇయ్యాల సూపా, బేరమా?"

"బేరమే. కోనాం ముక్కలు కొట్టు."

ఇంటికొచ్చాక పొట్లం అమ్మ చేతిలో పెట్టాడు. "పులుసు పెట్టు."

అమ్మ నా వైపు చూసింది. ఎవరికి ఏది తెలియనట్టు ఉండాలో ఆ క్షణంలో నాకే గుర్తు రాలేదు.

"పుండు కదండీ," అంది.

"పుండు లేదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. చింతపండు నానబెట్టు."

అమ్మ పొట్లం పట్టుకుని అలాగే నిలబడింది. "ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"రేవులో పులుసు తింటున్నప్పట్నుంచి."

"రేవులోనా? ఏ రేవులో?" అంది. తర్వాత అర్థమైంది. "నా ఇంట్లో చప్పిడి మెతుకులు తిని, రోజూ వెళ్ళి హోటల్లో పులుసు తింటున్నారా? వీడు కూడానా? నేను ఇక్కడ జావలు కాస్తుంటే?" ఇంకా ఏదో అంటూనే వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల చప్పుడు ఎక్కువగా వినిపించింది. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగిపోయింది. నేను లేవబోతే నాన్న వద్దని చెయ్యి చూపించాడు. మళ్ళీ కాసేపటికి కత్తిపీట మీద ఉల్లిపాయ తరుగుతున్న చప్పుడు వచ్చింది.

ముగ్గురం కలిసి కూర్చున్నాం. అమ్మ ముల్లు తీసిన ముక్క నాన్న కంచంలో వేసి, చూస్తోంది. నాన్న ఒక ముద్ద తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు.

"సరిపోయిందా?" అంది అమ్మ.

"ఉప్పు తగ్గింది," అన్నాడు.

అమ్మ లేచి వెళ్ళింది. చెంచాతో తెస్తుందనుకున్నాను. ఉప్పు జాడీనే తెచ్చి, మూత తీసి, ఆయన కంచం పక్కన పెట్టింది.